మిలీనియం పార్కులో ఉచిత ఆర్కెస్ట్రా కచేరీ: పిల్లలతో, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు

షికాగో చుట్టుపక్కల తెలుగు ఇళ్లకు వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తారు. నయాగరా అవుతుంది, గుళ్లు అవుతాయి, కాస్ట్‌కో రెండుసార్లు అవుతుంది. ఆ తర్వాత సాయంత్రాలు ఎలా గడపాలో తోచదు. అలాంటి ఇంటికి సరిగ్గా సరిపోయేది ఒకటుంది. జూన్ రెండో వారం నుంచి ఆగస్టు మధ్య దాకా డౌన్‌టౌన్‌లోని మిలీనియం పార్కులో పూర్తి స్థాయి సింఫనీ ఆర్కెస్ట్రా ఆరుబయట ఉచితంగా వాయిస్తుంది. దాని పేరు గ్రాంట్ పార్క్ మ్యూజిక్ ఫెస్టివల్. 1935లో, దేశమంతా మాంద్యంలో ఉన్న రోజుల్లో మొదలైంది. పని లేని వాద్యకారులకు పని, టికెట్ కొనలేని జనానికి సంగీతం అన్నమాట. 2004 నుంచి ఫ్రాంక్ గెరీ రూపకల్పన చేసిన ప్రిట్జ్‌కర్ పెవిలియన్ దాని వేదిక.

"ఉచితమే కదా, ఎప్పుడెళ్తే ఏముంది" అని తీరిగ్గా బయల్దేరిన కుటుంబమే ఎక్కువగా విసిగిపోయి తిరిగొస్తుంది. సంగీతం మొదలయ్యాక చాప పరచడం, డబ్బాలు విప్పడం, బాత్రూమ్ వెతకడం, చోటు కోసం మనుషుల మీదుగా దాటడం, ఈ నాలుగూ కలిస్తే మొదటి అరగంట మీకూ పోతుంది, చుట్టుపక్కల వాళ్లకూ పోతుంది. మొదటి స్వరం పలికేసరికి చాప పరిచి ఉండాలి, తిండి అయిపోయి ఉండాలి, పిల్లలు ఒక విడత పరిగెత్తి అలిసిపోయి ఉండాలి. కింద చెప్పేదంతా ఆ మూడింటి కోసమే.

ఏ రోజు వెళ్లాలి

మామూలుగా బుధ, శుక్రవారాల్లో సాయంత్రం 6:30కి, శనివారం 7:30కి కచేరీ మొదలవుతుంది. పదేళ్లలోపు పిల్లలుంటే బుధవారమో శుక్రవారమో పెట్టుకోండి. శనివారం కచేరీ ముగిసేసరికి తొమ్మిది దాటుతుంది. అక్కడి నుంచి శివార్లలోని ఇంటికి చేరేసరికి పదకొండు. మరో సంగతి, వేసవిలో బుధవారం రాత్రి నేవీ పియర్ దగ్గర బాణసంచా కాలుస్తారు. ఓపిక ఉన్న పిల్లలైతే కచేరీ అయ్యాక సరస్సు వైపు నడుచుకుంటూ వెళ్లి చూడొచ్చు. అత్తయ్యగారి మోకాళ్లను అడిగి నిర్ణయించుకోండి.

తేదీ కుదిరింది కదా అని ఆగకండి. ఆ రోజు ఏం వాయిస్తారో కూడా చూడాలి. ఫెస్టివల్ వెబ్‌సైట్లో ప్రతి కచేరీ కింద రచనల పేర్లు ఉంటాయి. మూడు నాలుగు చిన్న రచనలు, మధ్యలో పియానోనో వయొలిన్‌నో ముందు పెట్టుకుని వాయించే కన్చెర్టో ఒకటి ఉంటే పిల్లలకు బాగుంటుంది. కళ్లకు ఒక మనిషి దొరుకుతాడు కాబట్టి. పేరు ఒక్కటే ఉండి అది మాలర్ అనే స్వరకర్త రాసిన సింఫనీ, అంటే పలు భాగాల పెద్ద ఆర్కెస్ట్రా రచన, అయితే జాగ్రత్త. ఆయన రెండో సింఫనీ ఒక్కటే గంటా ఇరవై నిమిషాలు దాటి సాగుతుంది. విని తీరాల్సిన సంగీతమే, కానీ మూడేళ్ల బుజ్జిగాడి తొలి కచేరీకి కాదు. జులై చివర లొలపలూజా అనే పెద్ద రాక్ సంగీత పండగ వచ్చే వారం కూడా క్యాలెండర్ సరిచూసుకోవాలి. ఆనుకుని ఉన్న గ్రాంట్ పార్కంతా ఆ పండగ చప్పుడే కాబట్టి, ఆ వారం ఆర్కెస్ట్రా పక్కనున్న హారిస్ థియేటర్ లోపలికి మారుతుంటుంది. చాప చంకన పెట్టుకుని వెళ్లి ఖాళీ గడ్డి చూసి రావలసి వస్తుంది.

నాలుగేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు ఒక సలహా. సాయంత్రం కచేరీ కంటే రిహార్సల్‌కు వెళ్లండి. వారం మధ్యలో పగటి పూట అదే వేదిక మీద ఆర్కెస్ట్రా సాధన చేస్తుంది. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, పైసా అక్కర్లేదు. ముందు నిలబడి చేతులతో ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ ఆపుతాడు, ఏదో చెబుతాడు, అదే చోటు మళ్లీ వాయిస్తారు. పిల్లవాడు లేచి నడిచినా, అరటిపండు అడిగినా ఎవరూ తల తిప్పరు. ముప్పావు గంట చూసి వచ్చేయొచ్చు. పెద్దవాళ్లకు కూడా అసలు కచేరీ కంటే ఇదే నచ్చుతుంది చాలాసార్లు. గురువు శిష్యులకు సంగతి దిద్దుతున్నట్టే ఉంటుంది మరి.

ఎన్నింటికి చేరాలి

6:30 కచేరీకి 4:15కల్లా పార్కులో ఉండాలి. మరీ ముందుగా అనిపిస్తుంది, కానీ ఆ రెండు గంటలకూ పని ఉంది.

ముందు పిల్లల్ని క్రౌన్ ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్లండి. మిషిగన్ అవెన్యూ వైపు 50 అడుగుల గాజు ఇటుకల గోపురాలు రెండు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. వాటి మీద షికాగో వాసుల ముఖాలు కదులుతుంటాయి. కొన్ని నిమిషాలకొకసారి ఆ ముఖం పెదాలు ముందుకు చాపుతుంది, నోట్లోంచి నీళ్లు ధారగా పడతాయి. కింద పిల్లలు గుంపుగా నిలబడి ఎప్పుడు ఉమ్ముతుందా అని ఎదురుచూస్తుంటారు. నీళ్లు పాదం మునిగేంత కూడా ఉండవు, అందుకే ఎంత చిన్నవాళ్లనైనా దింపొచ్చు. కానీ కింద నల్లరాయి తడిసి జారుతుంది, పరిగెత్తనివ్వకండి. అరగంట చాలు.

ఇక్కడే ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. బట్టలు మార్చకుండా "ఎండకు ఆరిపోతాయిలే" అని గడ్డి మీదికి తీసుకొస్తారు. ఏడు దాటాక సరస్సు మీది గాలి తిరుగుతుంది. ఊళ్లో ఉక్కపోస్తున్నా ఒడ్డున చలిగా ఉంటుంది. తడి నిక్కరుతో ఉన్న పిల్లవాడు ఎనిమిదింటికి వణకడం మొదలుపెడతాడు, కచేరీ మధ్యలోనే ఇంటికి బయల్దేరాల్సి వస్తుంది. తలా ఒక జత బట్టలు లోదుస్తులతో సహా, ఒక తువ్వాలు, తడివి వేసుకోవడానికి ఒక ప్లాస్టిక్ కవరు, పైన వేసుకునే స్వెటరు తప్పనిసరి. అమ్మమ్మకు శాలువా. జూన్‌లోనైనా సరే.

ఆ అరగంటలో పెద్దవాళ్లకు కాలక్షేపం కావాలంటే నాలుగడుగుల దూరంలోనే క్లౌడ్ గేట్ ఉంది. అదే, అందరూ బీన్ అనే గింజ ఆకారపు అద్దం. దాన్ని చేసిన అనీశ్ కపూర్ ముంబైలో పుట్టినవాడని చెబితే మామయ్యగారు ఇంకో రెండు ఫొటోలు దిగుతారు.

అయిదింటికి చాప, అయిదుంబావుకు తిండి, ఆరింటికి అందరూ బాత్రూమ్, ఆరుంబావుకు కూర్చోవడం. బాత్రూమ్‌లు పెవిలియన్‌కు రెండు పక్కలా ఉన్నాయి. ఆరుంబావు తర్వాత వెళ్తే వరుస పెరుగుతుంది, ఇంటర్వెల్‌లో మరీను. లోపలికి వచ్చే దారుల్లో బ్యాగులు విప్పి చూస్తారు. అన్ని డబ్బాలూ ఒకే సంచిలో పైకి కనిపించేలా సర్దితే త్వరగా వదులుతారు. పదిహేను, పదహారేళ్ల పిల్లలు స్నేహితులతో విడిగా వస్తామంటే గుర్తుంచుకోండి. గురువారం నుంచి ఆదివారం దాకా సాయంత్రం ఆరు తర్వాత 18 ఏళ్లలోపు వాళ్లు పెద్దవాళ్ల తోడు లేకుండా ఈ పార్కులో ఉండకూడదని 2022లో నియమం పెట్టారు.

ఎక్కడ కూర్చోవాలి

వేదిక ముందు దాదాపు 4,000 కుర్చీలు, వాటి వెనక 7,000 మంది పట్టే గడ్డి. కుర్చీల్లో ముందు భాగం సభ్యత్వం తీసుకున్నవాళ్లది. అక్కడ నిలబడ్డ వాలంటీరు చెబుతారు. మిగతావి ముందొచ్చిన వాళ్లవి. కుర్చీకి డబ్బు అక్కర్లేదని తెలియక చాలామంది పెద్దవాళ్లను కూడా నేల మీద కూర్చోబెట్టేస్తారు. రెండు గంటలు బాసిపట్టు వేసుకుని కూర్చోవడం మన నాన్నగారికి అలవాటే అనుకుంటాం, లేచేటప్పుడు తెలుస్తుంది. వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకు కుర్చీల భాగంలో విడిగా చోటుంది.

అన్నిటికంటే బాగా పనిచేసే పద్ధతి ఇది. పెద్దవాళ్లతో ఒకరు కుర్చీల్లో, పిల్లలతో ఒకరు గడ్డి మీద. తిండి అందరూ కలిసి గడ్డి మీదే తిని, ఆరింటికి పెద్దవాళ్లను కుర్చీల్లోకి తీసుకెళ్లాలి. ఇంటర్వెల్‌లో భార్యాభర్తలు చోటు మార్చుకోవచ్చు. ఫోన్లో మాట్లాడుకుంటూ వెతుక్కోవడం ఆ జనంలో కుదరదు. ముందే ఒక చోటు అనుకోండి, ఎడమ వైపు కుర్చీలు అయిపోయే దగ్గర అనో, ఇంకోటో. చిన్నపిల్లల చొక్కా జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి.

గడ్డి మీద ఎక్కడ? పైకి చూస్తే ఉక్కు గొట్టాలు అల్లిన పెద్ద పందిరి కనిపిస్తుంది. అది నీడ కోసం కాదు, దానికి స్పీకర్లు వేలాడుతుంటాయి. స్తంభాలు అడ్డం రాకుండా ధ్వనిని గడ్డి చివరి దాకా తీసుకెళ్లడానికి ఆ ఏర్పాటు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే వేదిక నుంచి వంద మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకు డోలు దెబ్బ దాదాపు మూడోవంతు సెకను ఆలస్యంగా చేరుతుంది. తల మీది స్పీకరు ఆ దెబ్బను వెంటనే వినిపిస్తే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. అందుకే వెనక స్పీకర్లకు ఆ మేరకు ఆలస్యం పెడతారు. దీనివల్ల మీకు తెలియాల్సింది ఒక్కటే. పందిరి కింద ఎక్కడ కూర్చున్నా బాగానే వినిపిస్తుంది, పందిరి దాటి బయట కూర్చుంటే పలచబడిపోతుంది. కాబట్టి ముందు వరుస కోసం తోసుకోనక్కర్లేదు. పిల్లలున్నవాళ్లు గడ్డి మధ్యలో కాకుండా నడిచే దారికి ఆనుకుని కూర్చోవాలి. పిల్లవాడు గోల మొదలుపెడితే ఎవరి చాపా తొక్కకుండా పది అంగల్లో బయటపడొచ్చు.

వేదికకు ఎదురుగా కూర్చుంటే మీ ముఖం ఉత్తరానికి ఉంటుంది. పడమర ఎడమ చేతి వైపు. మిషిగన్ అవెన్యూ మేడల నీడ ముందు ఎడమ వైపు గడ్డి మీదే పడుతుంది. కుడి వైపు ఎండ ఇంకాసేపు ఉంటుంది. జూన్ చివర్లో సూర్యాస్తమయం ఎనిమిదిన్నర, కాబట్టి ఎడమే నయం. టోపీలు మర్చిపోకండి, గొడుగు మాత్రం తెరవద్దు. వెనకవాళ్లకు వేదిక పోతుంది.

హాల్లో ఉండే నిశ్శబ్దం ఇక్కడ ఆశించకండి. ఈ పార్కు నిజానికి ఒక మిద్దె తోట, కింద పార్కింగ్, రైలు పట్టాలు ఉన్నాయి. పక్కనే మిషిగన్ అవెన్యూ. చెలో అనే పెద్ద వయొలిన్ మంద్రంగా వాయిస్తుండగా అంబులెన్స్ వెళ్తుంది. వాద్యకారులు పట్టించుకోరు, మీరూ పట్టించుకోకండి.

చాప సంగతి

మన ప్లాస్టిక్ చాపను మించింది లేదు. జంపఖానా, దుప్పటి అందంగా ఉంటాయి కానీ గడ్డి తడి పీలుస్తాయి. పైకి పొడిగా కనిపించినా గడ్డి మొదట్లో చెమ్మ ఉంటుంది, పావుగంటలో తెలుస్తుంది. కింద ప్లాస్టిక్ చాప, పైన దుప్పటి, ఇంతే. నలుగురికి 5 అడుగులకు 7 అడుగులు సరిపోతుంది. రాబోయే స్నేహితుల కోసం పెద్ద టార్పాలిన్ పరిచి ఖాళీగా ఉంచడం మర్యాద కాదు, ఆరు దాటాక ఎవరైనా వచ్చి సర్దుకోమంటారు కూడా. గాలికి మూలలు లేస్తాయి. ఎలాగూ చెప్పులు విప్పి కూర్చుంటాం కదా, ఒక్కో మూల మీద ఒక్కో జత పెట్టండి. మడత కుర్చీలు తెస్తే పొట్టివి, నేల బారుగా కూర్చునేవి తెచ్చుకుని గడ్డిలో వెనక భాగంలో వేసుకోవాలి.

తిండి

బయటి తిండి తెచ్చుకోవచ్చు. ఈ కచేరీకి వచ్చేవాళ్లలో సగం మంది చుట్టూ తినేదే కనిపిస్తుంది. మనకు దారి భోజనం కట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ బస్సులో తినే మూటకూ కచేరీకి కట్టే మూటకూ తేడా ఉంది. ఇక్కడ చప్పుడు లెక్కలోకి వస్తుంది, వాసన లెక్కలోకి వస్తుంది, చేతులు కడుక్కునే పంపు దూరంగా ఉంటుంది.

నలుగురు పెద్దవాళ్లకు, ఇద్దరు పిల్లలకు చింతపండు పులిహోర మూడు రైస్‌కుక్కర్ కప్పుల బియ్యంతో, అంటే దాదాపు 450 గ్రాములతో, చేస్తే సరిపోతుంది. 60 గ్రాముల చింతపండు గుజ్జు తీసి నూనె తేలేదాకా ఉడికించాలి. నువ్వుల నూనె ఆరు టేబుల్ స్పూన్లు పడుతుంది, తగ్గిస్తే ఆరిపోయి గొంతుకు అడ్డం పడుతుంది. అన్నం పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, పసుపు, రెండు చెంచాల నూనె వేసి, పూర్తిగా చల్లారాకే గుజ్జు కలపాలి. వేడి అన్నంలో కలిపి వెంటనే డబ్బాకు ఎక్కిస్తే ఆవిరి మూతకు పట్టి మళ్లీ అన్నంలోకే కారుతుంది, సాయంత్రానికి ముద్దగా అవుతుంది. నిమ్మకాయ పులిహోర తొందరగా అవుతుంది నిజమే, కానీ వేడి మీద పిండితే చేదెక్కుతుంది, నాలుగు గంటల తర్వాత రుచి సన్నగిల్లుతుంది. పల్లీల విషయంలో ఒక్క మాట. పక్క చాప మీది పిల్లలతో మన పిల్లలు స్నేహం కట్టి డబ్బా పంచుకోవడం మామూలే. ఇక్కడ పల్లీలు పడని పిల్లలు చాలామంది ఉంటారు. పెట్టేముందు వాళ్ల అమ్మను అడగండి. పల్లీలకు బదులు జీడిపప్పు వేసినా అదే జాగ్రత్త.

దద్దోజనం తీసుకెళ్తే ఐసు ప్యాకులున్న సంచిలోనే. సంచిలోంచి తీశాక రెండు గంటల్లో తినేయాలి, 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజైతే గంటలో. ఇంట్లో కలిపేటప్పుడు సగం పాలు పోసి కొద్దిగా పెరుగే వేస్తే తినే వేళకు పుల్లబడదు. ఇడ్లీ అయితే కారప్పొడి, నువ్వుల నూనె రాసి పెట్టండి, పెద్దవాళ్లకు నాలుగేసి. చట్నీ వద్దు, అది చాప మీదే ఒలుకుతుంది. చేపల కూర, కోడిగుడ్డు ఇంట్లోనే ఉంచండి. చక్కెర వ్యాధి ఉన్న మామయ్యగారు రాత్రి ఎనిమిదింటికి మాత్ర వేసుకుని తినే మనిషైతే, ఆ రోజు అయిదుంబావుకే తింటారు కదా, తర్వాత ఇంటర్వెల్‌లో తినడానికి చిన్న చపాతీ చుట్ట ఒకటి జేబులో ఉంచండి.

ఇక చప్పుడు. స్టీలు క్యారేజీ గొళ్లెం టక్కుమని తెరుచుకుంటుంది. చిప్స్ కవరు, జిప్‌లాక్, వెల్క్రో సంచి, వీటి చప్పుడు మామూలుగా మనకు వినిపించదు. సింఫనీలో రెండో భాగం సాధారణంగా నెమ్మదైనది. యాభై తీగ వాద్యాలు ఊపిరి బిగబట్టినట్టు ఒకే స్వరం మీద నిలబడతాయి. సరిగ్గా అప్పుడు ఎవరో జంతిక కొరుకుతారు. మూడు చాపల అవతలికి వినిపిస్తుంది. కరకరలాడేవన్నీ ఆరున్నరలోపు ముగించాలి. తర్వాత కోసం ద్రాక్ష, కోసిన మామిడి ముక్కలు, మెత్తటి ఖర్జూరాలు మూత లేని గిన్నెలో పోసి, మీద గుడ్డ కప్పి ఉంచండి. టీ ఫ్లాస్కు మూత ముందే కాస్త వదులు చేసి ఉంచితే కిర్రుమనదు. నీళ్లు మనిషికి లీటరు. ఫౌంటెన్‌లో ఆడిన పిల్లలు ఇంకా ఎక్కువ తాగుతారు.

చప్పట్లు ఎప్పుడు

మన కచేరీలో తల ఊపుతాం, ఆహా అంటాం, తొడ మీద తాళం వేస్తాం, తని ఆవర్తనం అవగానే చప్పట్లు. ఇక్కడ వాయిస్తున్నంతసేపూ ఎవరూ పలకరు, అదొక్కటే తేడా. వేలితో తాళం వేసుకోండి, చప్పుడు రాకపోతే చాలు.

వేదిక మీద అందరూ కూర్చున్నాక ప్రధాన వయొలిన్ వాయించేవారు వస్తారు. వారికి చప్పట్లు కొట్టాలి. తర్వాత ఓబో అనే వాద్యం ఒక్కటే ఒక స్వరం ఊదుతుంది. అది ఎ స్వరం, సెకనుకు 440 కంపనాలకు దగ్గరగా. మనకు తంబురా కచేరీ పొడవునా శ్రుతి పట్టి ఉంచుతుంది, వీళ్లకు ఆ ఒక్క స్వరమే శ్రుతి. అందరూ దానికి సరిచేసుకుంటారు, పెద్ద తేనెతుట్టె కదిలినట్టు ఉంటుంది. ఇది మొదటి పాట అనుకుని చప్పట్లు కొట్టే పెద్దవాళ్లు ఉంటారు. ముందే చెప్పి ఉంచండి. ఆ తర్వాత కండక్టర్ వస్తాడు, మళ్లీ చప్పట్లు, ఇక మొదలు.

దారిలో ఉచితంగా ఇచ్చే ప్రోగ్రామ్ పుస్తకం ఒకటి తీసుకోండి. రచన పేరు కింద అలెగ్రో, ఆడాజియో లాంటి చిన్న వరుసలు ఉంటాయి. ఎన్ని వరుసలుంటే అన్ని భాగాలు. నాలుగు వరుసలుంటే మూడుసార్లు మధ్యలో ఆగుతారు, నాలుగోసారి అయిపోతుంది. ఆ లెక్క పదేళ్ల పిల్లకు అప్పగించండి, వేళ్లు మడుస్తూ కూర్చుంటుంది. లెక్క తప్పితే కండక్టర్ చేతుల్ని చూడాలి. చేతులు గాల్లోనే ఉంటే ఇంకా ఉంది. పూర్తిగా దించి మన వైపు తిరిగితే అయిపోయింది. భాగాల మధ్య ఎవరైనా చప్పట్లు కొట్టినా ఆరుబయట ఎవరూ ఏమీ అనుకోరు. సిగ్గుపడి పిల్లల్ని అదిలించకండి, ఆ అదిలింపే ఎక్కువ వినిపిస్తుంది.

"పాట ఎవరు పాడతారు?" అని అత్తయ్యగారు అడుగుతారు. కోరస్ అనే గాయక బృందమో, విడిగా గాయకులో ఉన్న రోజు తప్ప ఎవరూ పాడరు. రాగం విస్తరించడం కోసం చూస్తే నిరాశే. బదులుగా ఒక చిన్న సంగతిని పట్టుకోమనండి. మొదట వయొలిన్లు వాయించిన నాలుగైదు స్వరాల ముక్క కాసేపటికి ఫ్లూట్ల దగ్గర కనిపిస్తుంది, తర్వాత హార్న్‌ల దగ్గర లావుగా వినిపిస్తుంది, కిందనుంచి డబుల్ బేస్‌లు దాన్ని తలకిందులు చేస్తాయి. దాని వెంట కళ్లు తిప్పుతుంటే గంట తెలియదు. పిల్లలకు ఇంకా సులువైన పని ఇవ్వండి. వెనక సింబల్స్ అనే పెద్ద తాళాలు వాయించే మనిషి ఎప్పుడు కొడతాడో కనిపెట్టాలి. అరగంట కూర్చుని, రెండే రెండు దెబ్బలు కొట్టి, మళ్లీ కూర్చుంటాడు. ఆ ఓర్పు చూసి పిల్లలు నివ్వెరపోతారు.

ఫోన్ వెలుతురు తగ్గించండి. చీకటి పడ్డాక ఒక్క తెర వెనకున్న ఇరవై మందికి కనిపిస్తుంది.

వాన, గాలి

వేదికకు కప్పు ఉంది కాబట్టి చినుకులకు కచేరీ ఆగదు, తడిసేది మీరే. మనిషికొక రెయిన్‌కోటు తెచ్చుకోండి. ఉరుము వినిపిస్తే, మెరుపు కనిపిస్తే సంగతి వేరు. నిర్వాహకులు చెప్పేదాకా చూడకుండా లేచి ఏదైనా భవనంలోకి వెళ్లండి. ఉక్కు పందిరి కిందా, చెట్ల కిందా నిలబడవద్దు. గాలి రోజున ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లు వాద్యకారుల స్టాండ్లు గమనించండి. బట్టలారేసే క్లిప్పులతో కాగితాలు బిగించి ఉంటాయి. పేజీ తిప్పేటప్పుడు ఎడమ చేత్తో ఒక క్లిప్పు తీసి, తిప్పి, మళ్లీ పెట్టి, స్వరం తప్పకుండా విల్లు అందుకుంటారు.

తిరుగు ప్రయాణం

నేపర్‌విల్, అరోరా వైపు వాళ్లు బీఎన్‌ఎస్‌ఎఫ్ లైను మెట్రా అనే శివారు రైల్లో యూనియన్ స్టేషన్‌కు రావడం మేలు. అక్కడి నుంచి పార్కు దాదాపు మైలు. మామూలుగా 20, 25 నిమిషాల నడక, స్ట్రోలరూ అమ్మమ్మా ఉంటే 40. పెద్దవాళ్లను టాక్సీలో పంపండి. ఎల్ రైల్లో వచ్చేవాళ్లకు వాషింగ్టన్/వబాష్ స్టేషన్ దగ్గర. దిగి తూర్పుకు ఒక వీధి దాటితే పార్కే. రాత్రి వేళ మెట్రా బండ్లు గంటకొకటి, ఒక్కోసారి అంతకంటే ఎడం. కాబట్టి వెళ్లేటప్పుడే తిరుగు బండ్లు రెండు రాసి పెట్టుకోండి, మొదటిది తప్పితే రెండోది. చివరి భాగం నడుస్తుండగా చాప మడవడం మొదలుపెట్టే అలవాటు మానాలి. బండికి తొందరైతే ఆఖరి రచన మొదలయ్యే ముందే, చప్పట్ల మధ్యలో లేవండి.

కారులో వస్తే పార్కు కిందే గ్యారేజీలున్నాయి. ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే తక్కువ పడుతుంది. దిగగానే అంతస్తు నంబరు, స్తంభం రంగు ఫొటో తీసుకోండి. నేల కింద అన్నీ ఒకేలా ఉంటాయి, సిగ్నల్ దొరకదు. కచేరీ అయ్యాక వేల మంది ఒకేసారి బయటికి వస్తారు. ఇరవై నిమిషాలు చాప మీదే ఉండి మిగిలిన పులిహోర ముగించి దిగితే, ఆ ఇరవై నిమిషాలూ గ్యారేజీలో పొగ పీల్చే బాధ తప్పుతుంది.

డౌన్‌టౌన్ దాకా వెళ్లే ఓపిక లేని వారాల్లో నేపర్‌విల్ సెంట్రల్ పార్కు ఉంది. 1859లో పుట్టిన ఆ ఊరి మున్సిపల్ బ్యాండ్ వేసవి గురువారాల సాయంత్రం అక్కడ ఉచితంగా వాయిస్తుంది. ఇది బ్యాండు, వయొలిన్లు ఉండవు. ఊదే వాద్యాలూ డోళ్లూ మాత్రమే, కాబట్టి ఆరుబయట గట్టిగా వినిపిస్తుంది, మార్చ్‌లకు పిల్లలు గెంతొచ్చు. ఏ ఆరుబయట కచేరీలోనైనా జాబితాలో చైకోవ్‌స్కీ 1812 ఓవర్చర్ కనిపిస్తే మాత్రం వెనక వరుసలో కూర్చోండి. పావుగంట రచన అది, చివర్లో ఫిరంగి మోతలు రాసి ఉన్నాయి. కొన్ని చోట్ల నిజం ఫిరంగులే పేలుస్తారు. చంకలో నిద్రపోతున్న పాపాయి చెవులకు మఫ్లు ముందే పెట్టాలి, ఆ మోతలు మొదలయ్యాక సంచిలో వెతికితే దొరకవు.